గుర్రం పారిపోయిన నవలతో మొదలుపెట్టండి

దేవునికి స్తోత్రం. మన నోళ్లలో నవ్వు పెట్టినవానికి, కథలు కల్పించే తెలివి మనుషులకిచ్చినవానికి మహిమ. ఇక నా సంగతి.

నేను ప్రాణం పెట్టి చదివే నవలాకారుడు ఒకాయన ఉన్నాడు. పెద్దాయన. ఇంకా రాస్తూనే ఉన్నాడు. ఆయన పుస్తకాలు మా ఇంట్లో బీరువా నిండి మంచం కిందికి చేరాయి. కానీ హైటెక్ సిటీలో మా ఆఫీసంతా గాలించినా ఆయన గురించి నాతో మాట్లాడే మనిషి లేదు.

మా సంఘంలో ఏటా జనవరిలో లేఖనాలు మొదటి పేజీ నుంచి పట్టి డిసెంబరుకు ముగిస్తాం. ఆ అలవాటుతోనే, ఎవరడిగినా ఆయన మొదటి నవలే చేతిలో పెట్టేదాన్ని. అందులో సగం దాకా ఒక ఇంటి తాతముత్తాతల చరిత్రే. తీసుకున్న ఇద్దరూ మర్యాదగా తిరిగిచ్చేసి, నేను లిఫ్టు దగ్గర కనబడితే మెట్లెక్కడం మొదలుపెట్టారు.

మూడోది మా టీంలోని నానక్‌రామ్‌గూడ పిల్ల. రోజూ ఇద్దరం ఒకే షేర్ ఆటోలో ఇళ్లకు పోతాం.

"ఏందక్కా, సగం బుక్కయింది, ఆ తాత పెండ్లి ఇంకా అయితలేదు. సోమవారం వాపస్ ఇస్త, ఏమనుకోకు," అంది.

ఈ పిల్ల కూడా పోతే నాకిక హారన్లే తోడు.

ఆ ఆదివారం సంఘానికి కొత్తగా వచ్చినావిడ పాస్టరమ్మగారిని అడిగింది, ఎక్కణ్ణుంచి చదవాలని. పాస్టరమ్మగారు గ్రంథాన్ని సగం పైన దాటించి, ఒక సువార్త దగ్గర రిబ్బను పెట్టారు.

"ముందు ప్రభువెవరో తెలుసుకోమ్మా. వంశావళులు ఎక్కడికీ పోవు."

కొత్తవాళ్లందరికీ ఆవిడ అలాగే చెయ్యడం ఏళ్లుగా చూస్తున్నాను. నాకు నవ్వు ఆగలేదు.

"నీకేమైందమ్మా?"

"దారి దొరికిందండీ."

ఇంటికెళ్లి మంచం కింద దూరి, బ్యాండుమేళంవాళ్ల నవల లాగాను. సన్నటిది. ఆయన చెయ్యి బాగా తిరిగాక రాసింది. ఊరేగింపులో పెళ్లికొడుకుతో సహా గుర్రం పారిపోతే, వాయించడం ఆపకుండా బ్యాండంతా దాని వెనక పరుగెత్తుతుంది.

సోమవారం సాయంత్రం ఆటోలో ఆ పిల్ల పాతది నాకిచ్చి, ఇది తెరిచింది. గచ్చిబౌలి దాటేసరికి నవ్వుకు దాని భుజాలు ఊగిపోతున్నాయి.

"జర మాకు గూడ చదువు మేడం, మేమేం పాపం చేసినం," అన్నాడు డ్రైవరు.

పైకి చదివింది. ఆటో అంతా నవ్వు. ఆ నవ్వులో వాళ్ల గల్లీ వెనక్కి పోయింది.

"దిగవే, మీ ఇల్లు దాటింది."

"ఆగక్కా, గుర్రం దొరుకుతదా లేదా చూడనీ." మరో రెండు పేజీలయ్యాక దిగుతూ అంది: "గీ బాకా ఊదే ముసలాయన మస్తున్నడు. ఈయన పడుచు ముచ్చట ఇంకేదన్న బుక్కుల ఉంటదా?"

"నువ్విప్పుడు వాపసిచ్చావే, అందులో."

"అరె, పెండ్లి కాని తాతనా?" చెయ్యి చాపింది. "మల్ల గిటియ్యి."

ఇచ్చేశాను. ఆ తర్వాత ఇంటిదాకా ఒక్కదాన్నే నవ్వుకుంటూ పోయాను.

ఇది చదువుతున్నవాళ్లు నాతో పాటు ప్రార్థించండి. ప్రభువా, ఆ పెద్దాయన చేతికి బలమియ్యి. ఆయన పుస్తకాల దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్లను ముందు ఆ గుర్రం దగ్గరికి నడిపించు. తాతలను వాళ్లే వెతుక్కుంటారు. ఆమేన్.