సాలవ్వ చెవిలోకి దారి

ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టే సాలవ్వకు చిన్నప్పటి నుంచీ ఎడమ చెవి కారేది, వినపడేది కాదు. దాన్ని ఆమె లోపమని ఏనాడూ అనుకోలేదు. ఎవరి మాట నచ్చకపోతే వాళ్ల వైపు ఆ చెవి తిప్పి, చాటలోని తునికాకు మీదికి వంగేది. కోడలు సుకన్య మాటలు చాలావరకు అక్కడే ఆగిపోయేవి.

ఈ యేడు మాత్రం చెవిలో వేలు పెడితే చాలు, ఇల్లు గిర్రున తిరగసాగింది. ఒకరోజు చాట మీదే కూలబడింది. సుకన్య బస్సెక్కించి కామారెడ్డి తీసుకెళ్లింది.

చెవి డాక్టరు భాగ్యశ్రీ పరీక్షించి, లోపల చర్మం పొరలుగా పేరుకుని ఎముకను తినేస్తోందని, ఆపరేషన్ తప్పదని చెప్పింది. ముందు సీటీ స్కాన్ తీయించమంది.

"కోసినంక ఎట్లైన కనవడతది గద, గీ ఫోటో ఎందుకు?" అంది సాలవ్వ.

"లోపటికి పోయినంక దారి దేవులాడుకుంటే ఎట్ల అవ్వా? ముందుగాల్నే చూసుకోవాలె."

స్కాన్ తీసే హరీష్ మైకులోంచి "కదలకు అవ్వా" అన్నాడు. "కదుల్తలేను బిడ్డా" అంటూ సాలవ్వ తల ఊపింది. బొమ్మ అలుక్కుపోయింది. అతను మళ్లీ చెప్పాడు. ఆమె మళ్లీ అంతే మర్యాదగా తల ఊపింది. మూడోసారి హరీష్ నోరు మూసుకున్నాకే బొమ్మ సరిగ్గా వచ్చింది.

భాగ్యశ్రీ ఆ బొమ్మను వెలుతురుకు పెట్టి చూసింది. మొదట చెవి వెనక కోసి, అక్కడి ఎముకను తొలుచుకుంటూ లోపలికి పోదామనుకుంది. అక్కడ చోటే లేదు. పైన మెదడును మోసే పలక కిందికి దిగి ఉంది. వెనక పెద్ద రక్తనాళం ముందుకు జరిగి ఉంది. రోగం మాత్రం కర్ణభేరి వెనక పై అరలోనే ఉంది. అందుకని చెవి రంధ్రంలోంచే సన్నటి కెమెరాతో వెళ్లాలని నిర్ణయించింది.

"అంటే ఎనక జుట్టు కొరగరా?" సాలవ్వ చటుక్కున అడిగింది. వచ్చినప్పటి నుంచీ ఆమె దిగులు అదే.

"కొరగం."

ఆపరేషన్ రోజు నర్సు మరియ అలవాటుగా ట్రిమ్మర్ పట్టుకొచ్చింది. సాలవ్వ ఒక చేత్తో కొప్పు పట్టుకుని, రెండో చేత్తో దిండు కింది స్కాన్ ఫిల్ము తీసి చూపింది. "సూడు, ముందట్నుంచే పోవాలెనని ఉన్నది."

"తలకిందులు పట్టుకున్నవ్ అవ్వా."

"నువ్వు సక్కగ పట్టుకొని సూస్కో."

మరియ డాక్టరును అడిగి వచ్చి, నవ్వుతూ ట్రిమ్మర్ పక్కన పెట్టేసింది.

లోపల అంతా బొమ్మలో ఉన్నట్టే ఉంది. భాగ్యశ్రీ పై అర అంచున కొంచెం ఎముక గీకి, రోగాన్ని ఊడదీసింది. తల తిరగడానికి కారణమైన, లోపలి చెవి ఎముక అరిగిన చోటు దగ్గర మాత్రం చేయి నెమ్మదించింది. చివరి పొర తీసి ఆ చోటును వెంటనే కప్పేసింది. శబ్దాన్ని లోపలికి మోసే చిన్న ఎముక పాడైపోతే దాని బదులు మరో ముక్క అమర్చింది.

మూడు నెలలకు ఎడమ చెవి చాలావరకు వింటోందని తేలింది. ఆ సోమవారం పరీక్షకు ఒక్కతే వెళ్లిన సాలవ్వ, ఇంటికొచ్చి "మంచిగనే ఉన్నదట" అని ఊరుకుంది. నాలుగు రోజులు హాయిగా అన్నీ విన్నది.

ఐదోరోజు సుకన్య ఎడమ పక్కన చేరి గొణుక్కుంది. "పొద్దంత తప్పులు వడతది. దవాఖాన్ల ఈమెకేమైతదోనని నేనెంత ఏడ్సిన్నో ఈమెకేమెరుక?"

సాలవ్వ చేతిలో బీడీ విచ్చుకుపోయింది. "ఇప్పుడెరుకైంది" అంది.

సుకన్య ఉలిక్కిపడింది. "అత్తా! ఎన్నొద్దుల సంది ఇనవడ్తున్నది?"

"సోమారం సంది. పచ్చిపులుసు కాడ నన్ను తిట్టింది గూడ ఇన్న."

సుకన్య కొంగు నోట్లో కుక్కుకుంది. కోపం తెచ్చుకోబోతే నవ్వొచ్చింది. సాలవ్వ చాట జరిపి పక్కన చోటిచ్చింది.

"కూసో. మిగిలినయి గూడ చెప్పు."