నేను చంపిన నర్సమ్మత్త

నేను ఇప్పటివరకూ ఒకే ఒక్క మనిషిని చంపాను. ఆమె పేరు నర్సమ్మత్త. కంగారు పడకండి, ఆమెను పుట్టించింది కూడా నేనే. అయినా ఆ పాపం నా పరువు ఎట్లా తీసిందో చెబుతాను, వినండి.

అప్పుడు సుబేదారి అనే వాడలో ఒంటి గదిలో ఉండేవాణ్ణి. పగలు ఆఫీసు, మిగతా బతుకంతా ఫోన్‌లో 'ఊరికే' అనే గ్రూపు. తొమ్మిది మందిమి, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. వానలో కాకులు ఎక్కడికి పోతాయి, ఉప్మాను మొదట ఎవరు ఎవరి మీద ప్రయోగించారు, ఇలాంటి పనికిరాని అనుమానాలే మా పని. మధ్యాహ్నం మాత్రం ఒక నియమం ఉండేది: ఎవరింట్లో ఏం కూరో ఫోటో పెట్టాలి.

నా కూర రోజూ మామిడికాయ తొక్కే, అంటే పచ్చడే. అది పెడితే జాలి పడతారని నామోషీ. అందుకే ఒకరోజు ఇంటర్‌నెట్‌లోంచి నిగనిగలాడే గుత్తివంకాయ దించి పెట్టాను. మా గ్రూపులోనే ఉన్న ఎనుమాముల ఊరి రాజక్క ఆ ఫోటోను పెద్దది చేసి చూసింది. స్టీలు గిన్నె అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. మన ఇళ్లలో గిన్నె కొనగానే పేరు కొట్టిస్తారని తెలియనివాణ్ణేం కాదు, ఆ వేళకు బుర్ర పనిచేయలేదు.

"తమ్మీ, బి. నర్సమ్మ ఎవలు?"

"మా మేనత్త అక్కా. పక్క గల్లీలనే ఉంటది. ఆమెనే వండి పంపుతది."

తెల్లారేసరికి కాకుల్ని వదిలేసి అందరూ అత్త మీద పడ్డారు. మోకాళ్లు నొస్తున్నాయా అని ఒకరు, వంకాయలో నువ్వులు వేస్తుందా అని ఇంకొకరు. జవాబు చెప్పినకొద్దీ అత్త పెరిగింది. ఆమెకు పిల్లలు లేరు, కోపం ఎక్కువ, నేనంటే ప్రాణం. నిజం చెప్పొద్దూ, నాకూ ఆమె మీద ప్రేమ పుట్టింది.

ఒక శుక్రవారం రాజక్క రాసింది. ఆదివారం వస్తుందట, అత్త దగ్గర గుత్తివంకాయ నేర్చుకుంటుందట. అంతకుముందోసారి నాకు కారప్పొడి పంపినప్పుడే నా అడ్రస్ తీసుకుంది కూడా. శనివారం పొద్దున, ఇంకేం తోచక, "అత్త పోయింది" అని రాసి ఫోన్ బోర్లా పెట్టాను.

ఆ రోజు గ్రూపులో ఒక్క పనికిరాని అనుమానమూ రాలేదు. ఒక పెద్దాయన దీపం బొమ్మ పెట్టాడు. సిగ్గుతో కుంచించుకుపోయాను. కానీ సిగ్గుకూ ఆకలికీ సంబంధం లేదు కదా, ఆదివారం చికెన్ బిర్యానీ తెప్పించుకున్నాను. లెగ్ పీసు చేత పట్టుకుని, ఏదో వీడియో చూసి పగలబడి నవ్వుతుంటే తలుపు తెరుచుకుంది. ఎదురుగా టిఫిన్ క్యారియర్‌తో ఒకావిడ. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదని అన్నం, పప్పు, చారు వండి తెచ్చింది.

"నేను రాజక్కను తమ్మీ," అని, నా చేతిలోని ముక్క వైపు చూసింది.

అన్నీ చెప్పేశాను. ఆమె మంచం మీద కూర్చుంది.

"నిన్నటి సంది ఏడుస్తాన. మా అత్త పోయిననాడు గూడ గింత ఏడ్వలే నేను."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. బిర్యానీ పొట్లం పక్కకు జరిపి, పప్పన్నం కలిపి నా ముందు పెట్టింది.

"తొక్కుతోని తింటాన అని చెప్తే, మేము ఏమన్న అంటుంటిమా?"

తల వంచుకుని తిన్నాను. ఎనిమిది మందితో రోజంతా మాట్లాడుతూ, ఒక్కరికీ నా సంగతి చెప్పుకోలేదని అప్పుడే తెలిసింది.

ఆమె ఎదుటే గ్రూపులో నిజం రాశాను. ముందుగా దీపం పెట్టినాయన రాశాడు: "గదంత సరే గని, గా బి. నర్సమ్మ ఎవలో, పాపం, ఆమె పానం మంచిగనే ఉన్నదా?"

మిగతావాళ్లంతా అదే పట్టుకున్నారు. గిన్నె ఏ ఊరిదో వెతకడం మొదలుపెట్టారు.

అందుకని, తిన్న పప్పన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను: ఏం తిన్నావని అడిగితే ఇకమీదట తిన్నదే చెబుతాను. లేని చుట్టాన్ని పుట్టించను. పుట్టించినా, నా చేతులతో చంపను. రాజక్కకు ఇంకోసారి అంత ఏడుపు ఏడ్చే ఓపిక లేదు.