జడల స్వెట్టరు

మొన్న చలి ముదరగానే మా కోడలు శ్రీకాకుళం వెళ్లి నాకొక స్వెట్టరు తెచ్చింది. ఛాతీ మీద రెండు లావుపాటి జడల అల్లికతో చూపులకు ఘనంగానే ఉంది గాని, తిరగేసి చూద్దును గదా, జడా లేదు గిడా లేదు, నున్నటి గుడ్డ మీద అచ్చొత్తిన బొమ్మ! పైన పటారం, లోన లొటారం. బాగుందమ్మా అన్నాను, దానికేం తెలుసు పాపం. మిషను కక్కిన ఈ గుడ్డని స్వెట్టరంటే, ఒకప్పుడు ఏడాది పాటు నా ప్రాణం తోడేసిన దాన్ని ఏమనాలో నా ఈడు వాళ్ళు మీరే చెప్పండి.

మాది సముద్రపు ఒడ్డు, వేటే బతుకు. మా మేనమామ ఒక్కడే ఉత్తరాదిన ఎక్కడో రైల్వేలో నౌకరీ సంపాదించి, మా అత్తనీ కూతుర్నీ మా వీధిలోనే వదిలి, ఏడాదికొకసారి సెలవు మీద దిగేవాడు. దిగడమంటే మామూలుగానా! రోహిణి కార్తె ఎండలో కాకులు కూడా నోళ్ళు తెరుచుకునే వేళ, ఒంటి మీద ఉన్ని స్వెట్టరుతో. మోచేతుల దగ్గర చిరిగి బొజ్జ దగ్గర బిగిసిన ఆ స్వెట్టరు, వాళ్ళ ఆఫీసరు తొడిగి తొడిగి పారేసింది. ఇంకొకడు విడిచిన బట్టలో చెమటలు కక్కుతూ ఊరేగే ఆ మహానుభావుడికి మా ఒంటి చేపల వాసన మాత్రం గిట్టేది కాదు. ఛీ, అదీ ఒక గొప్పే!

ఆయన కూతురు పుట్టిన నాడే నాకని అనుకున్నారు. తీరా మా అమ్మ పెళ్లి మాట ఎత్తేసరికి వలలు కట్టేవాడికి పిల్లనెలా ఇస్తానన్నాడు, పైగా వాకిట్లో నలుగురు ఉండగా రొమ్ము విరుచుకుని, "ఒరే, ఈ జడలు సూడు. నాకిలాటిదొకటి అల్లి తే, అప్పుడిస్తాను పిల్లని," అని పకపకా నవ్వాడు. సరే మావా అన్నాను. మీరంతా సాక్ష్యమని మా అమ్మ ఆ నలుగురికీ చెప్పింది. సెలవు అయ్యేదాకా ఆ పాతదాన్ని తిరగేసీ మరగేసీ చూసి అల్లిక పట్టేశాను.

విజయనగరంలో ఊలు కొన్నాను, సైకిలు పుల్లలు రాతి మీద అరగదీసి సూదులు చేసుకున్నాను. మరదలికి బళ్ళో నేర్పిన సాదా అల్లిక వచ్చు, అది నాకు చూపించింది. వల కట్టే చేతికి ఇదెంత అనుకున్నాను, అక్కడే బోల్తాపడ్డాను. వలలో ప్రతి కన్నుకీ ముడి ఉంటుంది, ముడి లేని దారాన్ని సముద్రం మీద ఎవడు నమ్ముతాడు? ఊలు అల్లికలో అసలు ముడే లేదు, ఒక్క ఉచ్చు జారితే అడుగుదాకా జారిపోతుంది. మనసొప్పక ప్రతి ఉచ్చుకీ ఒక ముడి బిగించాను. చివరికి తయారైంది నిలబెడితే నిలబడే తడిక. తల దూరిస్తే చెవుల దగ్గర పట్టేసింది, కత్తెరతో కోసి తీయాల్సి వచ్చింది. "మా అయ్యకి స్వెట్టరు అల్లుతన్నావా, సొరసేపకి వల కడతన్నావా బావా?" అని మరదలు పడీ పడీ నవ్వింది.

మళ్ళీ మొదలుపెట్టాను. జడ తిరగాలంటే మూడు ఉచ్చుల్ని సూది మీంచి తప్పించి కొబ్బరి ఈనెకు ఎక్కించి, అవి అలా వేలాడుతుండగానే పక్కవాటిని ముందు అల్లి, తర్వాత వీటిని అల్లాలి. ఆ కాసేపూ ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఆడోళ్ళ పనని నా ఈడు వాళ్ళు ఎగతాళి చేశారు. రోజంతా దారంతో వలలు బాగుచేసుకునే మగాళ్ళకి ఊలు కనబడగానే మగతనం గుర్తొచ్చింది కాబోలు, వెధవలకి!

మరుసటి ఏడు మావ వచ్చి, పాతది విడిచి నేనల్లింది తొడుక్కుంటే కొలిచి కుట్టినట్టు సరిపోయింది. జడలు నిమురుకుంటూ, "బాగున్నాదిరా. మా ఆఫీసరుకీ ఒకటి అల్లు," అన్నాడు. మరి పిల్ల మాటేమిటని మా అమ్మ అడిగితే, అది నవ్వులాటకన్నాననీ, నౌకరీ ఉన్న సంబంధం చూశాననీ చల్లగా చెప్పాడు. ఏరు దాటి తెప్ప తగలేసే రకం!

నేను నోరు విప్పేలోపే, ఉక్కకు తాళలేక ఆయన స్వెట్టరు విడిచి మంచం మీద పడేశాడు. మరదలు దాన్ని ఒళ్ళోకి లాక్కుని, కుట్లు తెంపి, మెడ దగ్గర కొస పట్టుకుని లాగడం మొదలెట్టింది. ముడి లేని అల్లిక కదా, సరసరా ఊడిపోతూ వచ్చింది. "మాట లేనోడికి స్వెట్టరెందుకయ్యా?" అంది తండ్రితో, లాగుతూనే. నా ఏడాది కష్టం నేల మీద కుప్పపడుతుంటే నాకు ఏడుపు రాలేదు సరికదా, ఈలలు వేయాలనిపించింది. మావ మొహం మాడిపోయింది. ఆ చిరుగుల స్వెట్టరే సంచీలో కుక్కుకుని రైలెక్కేశాడు. మా అత్త ధైర్యం చేసి శ్రావణంలో మా పెళ్లి జరిపించింది. ఆయన పెళ్లికి రాలేదు, ఆ తర్వాతా మా గడప తొక్కలేదు, కొన్నేళ్ళకు ఆ చలిదేశంలోనే పోయాడు.

మొన్న ఈ కథంతా కోడలికి చెబుతూ మావని ఎప్పట్లాగే ఉతికి ఆరేశాను. ఇన్నేళ్ళలో నేనెంత తిట్టినా నా భార్య ఏనాడూ వంత పాడలేదు, వద్దనీ అనలేదు, తన పని తాను చూసుకునేది. మొన్న మాత్రం పొయ్యి దగ్గర నుంచి, "ఆ సిరుగులదాంతో ఆ ఏడు సలికి మా అయ్య ఎలా ఆగాడో," అంది, తనలో తను అనుకున్నట్టు.

ఇప్పుడైతే స్వెట్టర్లు రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతున్నారు, ఒకటి పోతే ఇంకొకటి, ఎవరికీ ఏమీ అనిపించదు. ఆ రోజుల్లో మనిషికి ఒక్కటే ఉండేది, అదీ చిరుగులదైతే చలికాలమంతా వణకడమే. అల్లిన నాకు ఆ సంగతి ఏనాడూ తట్టలేదు, విప్పిన మనిషి మాత్రం ఇన్నేళ్ళూ దాన్ని కడుపులో పెట్టుకుని నా పక్కనే తిరిగింది.