పదిహేడో నంబరు ముద్ర

ఊళ్ళో అందరూ ఆయన్ని ముద్రలాయన అనేవారు. పాత యుద్ధంనాటి ఫిరంగి గుండు తొడుగో, గుండు పేలడానికి దాని ముక్కుకు బిగించే ఇత్తడి ఫ్యూజో చేతికిస్తే చాలు, భూతద్దం పెట్టి అది ఏ కార్ఖానాదో, ఏ ఏడాదిదో, తనిఖీ చేసింది ఎన్నో నంబరు మనిషో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. లేత్ పని మానేశాక ముందుగది నిండా ఈ సరుకే చేరింది. దుమ్ము దులపలేక భార్య తిట్టుకునేది.

విద్య ఎంతుందో ఆయనకు నోరూ అంతే ఉంది. ఉత్త నిజం చెబితే జనం ఆవలిస్తారని అక్కడక్కడ కాస్త ఉప్పూకారం చల్లేవాడు.

అన్నింట్లోకీ పేరుమోసింది ఒక ఫ్యూజు. దానిమీద పదిహేడో నంబరు తనిఖీ ముద్ర ఒకదానిమీద ఒకటి అడ్డంగా రెండుసార్లు పడింది.

"చూశారా, ఈ మహానుభావుడు నిద్రమత్తులో కొట్టాడు. ఇది పేలక మనవాళ్ళు ముగ్గురు పోయారు" అనేవాడు. మొదటి మాటకు జనం నవ్వేవారు, రెండోదానికి నిట్టూర్చేవారు.

ఏడాదిగా అత్తగారు వాళ్ళింట్లోనే ఉంటోంది. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళందించి గుమ్మం పక్కన కూర్చునేది. అమ్మ సరిగ్గా తినడం లేదని భార్య వాపోతే, వయసు మీదపడిందిలే అని తీసిపారేశాడు.

ఓ ఆదివారం జనం వెళ్ళిపోయాక ఆవిడ లేచి వచ్చి ఆ ఫ్యూజును చేతిలోకి తీసుకుంది.

"అల్లుడుగారూ, పదిహేడు నా నంబరు."

ఆయన తెల్లబోయాడు. పెళ్ళికి ముందు ఆవిడ ఏదో కార్ఖానాలో చేసిందని తెలుసు. ఏ కార్ఖానా అని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

"బాగున్నదానికి ఒక్కటే ముద్ర. పనికిరాకపోతే దానిమీదే అడ్డంగా ఇంకోటి కొట్టి పక్కన పడేసేవాళ్ళం. దీన్నీ పడేశాను. అయినా ఎలా పంపారో ఏమో. ఆ ముగ్గురూ ఎవరు బాబూ? పేర్లేమైనా తెలుస్తాయా?"

కొట్టివేత ముద్రను నిద్రమత్తు అనుకోవడం ఒక తప్పు, దాన్ని దిద్దుకోవచ్చు. కానీ ఆ ఫ్యూజు అసలు యుద్ధానికే వెళ్ళలేదు. అది తయారైన కార్ఖానా మూసేసినప్పుడు అక్కడి తుక్కుకుప్పలోంచి ఆయనే ఏరి తెచ్చుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ముగ్గురూ లేరు, ఎవరూ లేరు అత్తయ్యా. జనం వింటారని నేనే కల్పించాను. ఇది కార్ఖానా గేటు కూడా దాటలేదు."

"ఎవరూ పోలేదా?"

"లేదు."

ఆవిడ ఫ్యూజును బల్లమీద పెట్టి కుర్చీలో కూలబడింది. నాలుగు తిట్టినా బాగుండునని ఆయనకు అనిపించింది. ఆవిడ తిట్టలేదు.

"వాళ్ళలో చిన్నవాడికి ఇంకా పెళ్ళి కాలేదనుకున్నాను" అంది. "ఏడాదిగా వాడికోసమే ఎక్కువ ఏడ్చాను."