ఎర్రగీతకు అవతలి మనిషి

ఎమిల్ కోవలిక్ ఎడమచేతికి రెండు వేళ్ళు వంగవు. ఒకటి ఉక్కు మిల్లులో రోలర్ కింద నలిగింది. రెండోది వెండెల్ స్పీర్ మోకాలు విరగ్గొట్టిన రోజున బ్యాట్ పిడి చీలి విరిగింది. మొదటిదానికి మిల్లు డాక్టరు కట్టు కట్టాడు. రెండోదానికి జడ్జి పద్నాలుగు నెలల జైలు వేశాడు. ఎవరైనా అడిగితే ఎమిల్ దాచేవాడు కాదు. "రెండూ పని చేస్తుంటే విరిగినవే" అనేవాడు.

ఆ రెండో పనికి మూలం 1937 వేసవి. మోనంగహీలా నది ఒడ్డున బ్రాడెన్ ఊళ్ళో మిల్లు సమ్మె ఏడో వారంలో ఉంది. పని మానేసినవాళ్ళూ, గేటు దాటి లోపలికి పోతున్నవాళ్ళూ వారమంతా రాళ్ళు విసురుకుని, ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఒకే మైదానంలో బేస్‌బాల్ ఆడేవారు. అలాంటి ఒక ఆదివారం ఏడో ఇన్నింగ్స్‌లో బంతి ఎమిల్ తండ్రి యాన్ పక్కటెముకలకు తగిలింది. యాన్ బ్యాట్ పారేసి బంతి వేసినవాడి మీదికి నడిచాడు. రెండు వైపులవాళ్ళూ మైదానంలోకి దూకారు. దుమ్ము లేచింది. దుమ్ము తగ్గేసరికి యాన్, బ్యాట్ పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్ మీదే పడున్నాడు, చెవి పైన పుర్రె లోపలికి దిగిపోయి ఉంది. మంగళవారం తెల్లారేసరికి పోయాడు. అప్పటికి ఎమిల్‌కి ఏడేళ్ళు. గ్యాలరీలో తల్లి పక్కనే ఉన్నా వాడికి కనిపించినవి జనం వీపులే.

గురువారం పేపర్లో ఫోటో పడింది. మోకాళ్ళ మీద యాన్, తల మీదికి దిగుతున్న బ్యాట్, బ్యాట్‌ని పట్టుకున్న రెండు చేతులు. ఆ చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి, పేపరువాడు ఫోటో మీద గీతలు గీసి అంతవరకే అచ్చేశాడు. కానీ ఆ చేతుల కిందుగా ఒక కాలు కనిపిస్తోంది. మోకాలి నుంచి మడమ దాకా దెబ్బ తగలకుండా తొడుగు కట్టిన కాలు. మైదానంలో ఆ తొడుగు కట్టుకునేది బ్యాట్ పట్టినవాడి వెనక కూర్చుని బంతులు అందుకునే క్యాచర్ ఒక్కడే. ఆ ఆటలో ప్లేట్ వెనక ఉన్న క్యాచర్ వెండెల్ స్పీర్, గేటు దాటి లోపలికి పోయే జట్టువాడు.

ఊరికి అంతకన్నా అక్కర్లేకపోయింది. కోర్టుకి మాత్రం సరిపోలేదు. అసలు ఫోటో కనపడటం లేదన్నారు పేపరువాళ్ళు. వెండెల్ ఇంటికొచ్చాడు. యుద్ధానికి వెళ్ళాడు, తిరిగొచ్చాడు, అదే మిల్లులో అదే గేటు దాటాడు. 1958లో, ఇరవై ఎనిమిదేళ్ళ ఎమిల్ ఒక సాయంత్రం ఆ గేటు దగ్గర బ్యాట్‌తో నిలబడ్డాడు. మొదటి దెబ్బకి వెండెల్ కూలబడ్డాడు. "నేను కాదురా" అన్నాడు. ఎమిల్ రెండోది అదే మోకాలి మీద వేశాడు.

జైలు నుంచి వచ్చాక మొదలైంది ఫోటోల పిచ్చి. మొదట వెతికింది ఆ ఒక్కదాని కోసమే. మూతపడ్డ పేపర్ల గోదాములూ, చచ్చిపోయిన ఫోటోగ్రాఫర్ల అటకలూ తిరిగాడు. వెతుకుతూ వెతుకుతూ పని నేర్చుకున్నాడు. ఫోటో చేతికొస్తే ముందు వెనక్కి తిప్పుతాడు. ఏ పేపర్ ముద్ర, ఏ తారీఖు, అతికించిన చీటీలో ఎవరి పేర్లు? తర్వాత వెలుగుకి వాలుగా పట్టుకుని, నలుపు మీద పాతకాలపు ఫోటో కాగితంలోని వెండి తేలి మెరుస్తోందో లేదో చూస్తాడు. బొమ్మ సంగతి ఆఖరున. ఇవన్నీ ఎవరూ చెప్పలేదు. చెడగొట్టి నేర్చుకున్నాడు, చెడగొట్టినవి ఒక పెట్టెలో విడిగా ఉంచుకున్నాడు.

నెలకో ఆదివారం ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డుల సంత జరిగేది. ఎమిల్ ఒక మూల బల్ల మీద ఫోటోలు పరిచేవాడు. పక్క బల్ల లైల్ హాకెట్‌ది. ఒహాయో నుంచి వచ్చి స్థిరపడిన మంగలి, కత్తెర మానేసి కార్డులు పట్టుకున్నాడు. ఇద్దరికీ పడేది కాదు, ఒకరు లేనిదే ఇంకొకరికి పొద్దుపోయేదీ కాదు.

"ఒరేయ్ ఎమిల్, నీ ఫోటోల్లో మనుషులు ఎటో చూస్తుంటారేరా? నా కార్డు చూడు. ఒక్కడే మనిషి, నా కళ్ళలోకే చూస్తాడు."

"చూడమంటే చూశాడు. పెళ్ళిచూపుల్లో అందరూ బుద్ధిమంతులే."

"కార్డుకి వరస ఉంటుంది. ఇరవై నాలుగు అంటే ఇరవై నాలుగే. నీదానికి మొదలెక్కడ, చివరెక్కడ?"

"లేదు. అందుకే నాకు ఇంకా పనుంది. నీకు ఒక్కటి దొరికితే అయిపోతావు."

ఆ ఒక్కటీ ఎమిల్ దగ్గరే ఉంది. 1936లో ఊరి రొట్టెల బేకరీ ఒకటి మిల్లు జట్ల ఆటగాళ్ళ బొమ్మలు కార్డులుగా వేసి రొట్టె పొట్లాల్లో పెట్టింది. ఇరవై నాలుగులో ఇరవై మూడు లైల్ సంపాదించాడు. మిగిలింది యాన్ కోవలిక్. ఎమిల్ తల్లి దాన్ని ప్రార్థన పుస్తకంలో దాచింది కాబట్టి మూలలు కూడా అరగలేదు. లైల్ పదకొండేళ్ళుగా అడుగుతున్నాడు. "మా నాన్న మొహం నా దగ్గర అదొక్కటే ఉంది" అని ఎమిల్ పదకొండేళ్ళుగా చెబుతున్నాడు.

లైల్ సంగతి ఒకటి చెప్పాలి. ఒకసారి పొరుగూరివాడొకడు అరిగిన మూల కనపడకుండా అంచుని వెంట్రుకవాసి చెక్కేసిన కార్డు వీడికి అంటగట్టాడు. తర్వాతి నెల లైల్ వాణ్ణి నవ్వుతూ పలకరించి, ఫైరింజన్ చూపిస్తానని వెనక్కి తీసుకెళ్ళి, వాడి వేళ్ళ మీద ఇంజన్ తలుపు వేశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఎముకలు విరిగిన చప్పుడు హాల్లోకి వినిపించింది. "కార్డు అంచు కోసినవాడు మనిషి గొంతు కూడా కోస్తాడు" అన్నాడు వచ్చి, చేతులు తుడుచుకుంటూ. అందరూ తలలూపారు. ఎమిల్ కూడా ఊపాడు.

1989 ఫిబ్రవరిలో లైల్ ఫోన్ చేశాడు.

"పాత పేపర్ ఫోటోగ్రాఫర్ కూతురు ఇల్లు ఖాళీ చేస్తోంది. రెండు పెట్టెలు కొన్నా. నీది దొరికింది."

ఎమిల్ గోడకి ఆనుకున్నాడు. "మొత్తం ఉందా?"

"మొత్తం. చుట్టూ ఎర్ర పెన్సిల్ గీతలున్నాయి. గీత అవతల మనుషులున్నారు, మొహాలున్నాయి."

"ఎవరివి?"

"నాకేం తెలుసురా? అప్పటికి నేను పుట్టనే లేదు. ఆదివారం కార్డు తీసుకురా, నువ్వే చూసుకో."

నాలుగు రోజులు ఎమిల్ సరిగ్గా తినలేదు. ఆ మొహం వెండెల్‌దైతే సరే. కాకపోతే? ముప్పై ఒక్కేళ్ళుగా ఊళ్ళో కుంటుతూ తిరుగుతున్న ఆ మోకాలు ఎవరి ఖాతాలో వేసుకోవాలి?

ఆదివారం పొద్దున హాలు గుమ్మంలో, ఎప్పటిలాగే, టిక్కెట్ల బల్ల వెనక వెండెల్ స్పీర్ కూర్చుని ఉన్నాడు. డెబ్భై ఆరేళ్ళు. ఎడమకాలు కర్రలా ముందుకి చాచి, చేతికర్ర బల్లకి ఆనించి పెట్టుకున్నాడు. లోపలికి వెళ్ళేవాళ్ళ చేతి మీద రబ్బరు ముద్ర వేయడం ఆయన పని. ఇద్దరూ మాట్లాడుకోరు. ఎమిల్ పిడికిలి చాస్తాడు, ఆయన ముద్ర గుద్దుతాడు. మిగతావాళ్ళకి అద్దినట్టు కాదు, మేకు దిగ్గొట్టినట్టు.

ఎమిల్ తన బల్ల దాకా వెళ్ళలేదు. నేరుగా లైల్ దగ్గరికెళ్ళి కార్డు పెట్టాడు. లైల్ భూతద్దం తీశాడు. నాలుగు మూలలూ చూశాడు, మళ్ళీ చూశాడు. కార్డుని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మరలు బిగించాడు. అప్పుడు బల్ల కింద నుంచి అలాంటిదే పెద్ద డబ్బా ఒకటి తీశాడు.

"చూడు. స్నేహితుడివని నీకోసం రాత్రి కూర్చుని శుభ్రం చేశా. వెనక ఏదో చీటీ వేలాడుతుంటే పీకేశా. ఆ ఎర్ర గీతలు ఎంత తుడిచినా పోలేదు, అందుకని గీతల వెంట కోసేశా. కొత్త బ్లేడు! ఆ మూలలు చూడరా, ఎంత పదునుగా ఉన్నాయో!"

డబ్బాలో యాన్ ఉన్నాడు. బ్యాట్ ఉంది. మోచేతుల దగ్గర ఆగిపోయిన చేతులున్నాయి. తొడుగు కట్టిన కాలుంది. 1937 గురువారం నాటి పేపరే, కాకపోతే మెరిసే కాగితం మీద.

ఎమిల్ కుడిచేయి లేవడం ఎవరూ చూడలేదు. లైల్ ముక్కు చిట్లిన చప్పుడు విన్నారు. రెండో గుద్దుకి పెదవి పళ్ళకి కోసుకుంది. బల్ల తిరగబడింది, కార్డులు నేల మీద జారాయి, వాటి మీద రక్తం చుక్కలు చుక్కలుగా పడింది. ఎమిల్ వాడి చొక్కా పట్టి గోడకేసి కొట్టాడు, పొట్టలో మోకాలితో పొడిచాడు. లైల్ ఒక్క దెబ్బ కూడా కాచుకోలేదు. వాడి రెండు చేతులూ తల పైకి చాచి ఉన్నాయి, ఆ చేతుల్లో యాన్ కోవలిక్ కార్డు, గోడకి తగలకుండా.

"వెంట్రుకవాసి కోసినవాడి వేళ్ళు విరగ్గొట్టావు కదరా! నువ్వు రెండంగుళాలు కోశావు!"

"అది కార్డు!" అని రక్తం ఉమ్ముతూ అరిచాడు లైల్. "ఇది ఫోటోనే కదరా!"

ఇద్దరు ఫైర్‌మెన్ వెనక నుంచి ఎమిల్ భుజాలు పట్టారు. వాళ్ళని కూడా ఈడ్చుకుంటూ ఇంకోటి గుద్దాడు.

"ముక్కలేవిరా? కోసిన ముక్కలు?"

"వ్యాన్‌లో... చెత్త సంచిలో... చంపకురా బాబూ!"

ఎమిల్ వదిలేశాడు. బయట మంచులో వ్యాన్ వెనక తలుపు లాగి సంచి చించాడు. కాఫీ పిప్పి, గుడ్డు పెంకులు, వాటి మధ్య చుట్టుకుపోయిన నాలుగు పట్టీలు. చీటీ పిప్పిలో నాని ముద్దయిపోయింది, అక్షరం మిగల్లేదు. పట్టీల మీద పిప్పి అంటుకుంది. చేత్తో తుడిస్తే గీరుకుపోతాయని అతనికి తెలుసు. రక్తం ఓడుతున్న చేతుల్లో వాటిని అంచులు పట్టుకుని మోసుకుంటూ హాలు వంటగదిలోకి నడిచాడు.

"ఎమిల్! ఆ తొట్టి బంగాళాదుంపలది!" అంది వంట చేస్తున్న హెలెన్.

"దుంపలు ఆగుతాయమ్మా."

చల్లటి నీళ్ళు సన్నగా వదిలాడు. ఈ ఫోటో కాగితాన్ని కడిగి తీసింది నీళ్ళలోనే, నీళ్ళకి బెదరదు. పిప్పి తనంతట తానే కొట్టుకుపోయింది. ఉక్కు పళ్ళెం బోర్లించి, పొడి గుడ్డ పరిచి, డబ్బా మరలు విప్పి నడిమి బొమ్మ పెట్టాడు. దాని పైన పై పట్టీ, కుడిపక్కన పొడుగు పట్టీ. అంచుకి అంచు జరిపాడు. కొత్త బ్లేడు కాబట్టి సరిగ్గా కలిశాయి.

బ్యాట్ పట్టుకున్నవాడు తెల్ల చొక్కా, టై కట్టుకున్నవాడు. టోపీ మీద మిల్లు కాపలావాళ్ళ బిళ్ళ. ఎమిల్ ఎరగని మొహం, ఊళ్ళో ఎవరూ ఎరగని మొహం. వాడి వెనక క్యాచర్. ముసుగు ఊడిపోయి మెడకి వేలాడుతోంది. ఒక చేయి వాడి గొంతు చుట్టూ బిగించి వెనక్కి గుంజుతున్నాడు. పడగొట్టడానికి కాలు వాడి కాలికి మెలేశాడు. పేపర్లో కనిపించిన కాలు అదే. ఇరవై నాలుగేళ్ళ వెండెల్ స్పీర్ ముక్కు నుంచి గడ్డం దాకా రక్తం, పళ్ళు బిగించి ఉన్నాయి.

హెలెన్ భుజం మీదుగా చూసి, చేతిలో గరిటె పక్కన పెట్టింది.

ఎమిల్ పళ్ళెం కదలకుండా ఎత్తి గుమ్మం దాకా మోశాడు. జనం దారిచ్చారు. టిక్కెట్ల బల్ల మీద దించాడు. వెండెల్ కళ్ళద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూశాడు.

"వీడి పేరేంటి?" అన్నాడు ఎమిల్.

"తెలీదు. ఆ వారమే మిల్లువాళ్ళు ఎక్కడినుంచో దింపారు, ఆ వారమే పంపించేశారు. జడ్జికి చెప్పా. మీ అమ్మకి చెప్పా, మొహాన తలుపేసింది. నీకూ చెప్పా."

"ఎప్పుడు?"

"మొదటి దెబ్బకీ రెండో దెబ్బకీ మధ్యలో."

ఎమిల్ బల్లకి ఆనించిన చేతికర్ర తీసి ముసలాయన చేతిలో పెట్టాడు. ఎడమకాలు ముందుకి జరిపాడు.

"కొట్టండి."

ఎమిల్ ఆయన్ని 'అండి' అనడం అదే మొదలు. వెండెల్ కర్రని రెండు చేతులా పట్టుకుని, కూర్చున్నచోటునుంచే నడుము తిప్పి కొట్టాడు, ఒకప్పుడు బంతిని కొట్టినట్టే. మోకాలి చిప్ప పగిలిన చప్పుడు వంటగది దాకా వినిపించింది. ఎమిల్ నేల మీదికి ఒరిగాడు. అరవకుండా పెదవి కొరుక్కున్నాడు, పెదవి తెగింది.

"నేను... రెండు కొట్టాను."

"తెలుసులే. తిన్నది నేనే కదా." వెండెల్ రొప్పుతూ కర్ర మళ్ళీ ఎత్తాడు. కాసేపు ఎత్తే ఉంచాడు. తర్వాత బల్లకి ఆనించేశాడు. "రెండోది నా దగ్గరే ఉండనీ. నాకు బుద్ధి పుట్టినప్పుడు వాడుకుంటా." గుమ్మం బయట వరసలో నిలబడ్డవాళ్ళ వైపు తిరిగాడు. "ఏం చూస్తారు? చేతులు చాపండి."

అంబులెన్సు తెప్పించాల్సిన పనిలేకపోయింది, అది ఆ హాల్లోనే ఉంది. అందులో ఎమిల్, లైల్ పక్కపక్కనే కూర్చున్నారు. లైల్ ముక్కుకి తువ్వాలు అదుముకుని, రెండో చేత్తో డబ్బా ముందుకి చాపాడు. "తీసుకోరా మీ నాన్నని."

"ఉంచుకో. ఇరవై నాలుగయ్యాయి కదా, ఇక నోరు మూసుకో."

ఎమిల్ ముక్కల్ని అతికించలేదు. కోతలు కనిపించేలా వేలెడు ఎడం వదిలి, చట్రం తనే కట్టి, హాలు గుమ్మంలో టిక్కెట్ల బల్ల పైన మేకు కొట్టి తగిలించాడు. కర్ర ఆసరాతో నిచ్చెన ఎక్కడానికి ఒక పూట పట్టింది. తర్వాతి సంతరోజు అతను కుంటుతూ వచ్చి, ఆ ఫోటో కింద కూర్చున్న వెండెల్ ముందు పిడికిలి చాచాడు. వెండెల్ తలెత్తి చూసి, ముద్ర ఎప్పటిలాగే గుద్దాడు, మేకు దిగ్గొట్టినట్టు.