మారు లేని అన్నం

మొన్న మా చుట్టాలింటి పెళ్ళికి ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీది ఫంక్షన్ హాలుకు వెళ్ళి, చేతిలో పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడ్డాను. బల్లల వెనక టోపీలు పెట్టుకున్న కుర్రవాళ్ళు తలా ఒక గరిటె వేసి, నా మొహమైనా చూడకుండా నా వెనకాయన పళ్ళెం కోసం చూస్తున్నారు. ఒక మూల కుర్చీ వెతుక్కుని, నాకు పట్టేది కొంచెమే కనుక ఆ కొంచెమే తిన్నాను. కడుపు నిండింది, నిండిన సంగతి ఛాతీ కింద బిగువుగా తెలుస్తూనే ఉంది, అయినా లేచి చేయి కడుక్కోబుద్ధి కాక, ఎవరో వస్తారన్నట్టు ఆ ఖాళీ పళ్ళెం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అలా కూర్చోవడం నాకు కొత్త కాదు, బస్సు నడిపిన రోజుల్లో ఒక ఏడాదంతా నేనిలాగే కూర్చున్నాను.

ఆ రోజులు నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఆదిభట్ల చుట్టూ విమానాల విడిభాగాల కంపెనీలు, కంప్యూటర్ల క్యాంపస్ ఒక్కొక్కటే లేచి, నిన్నటిదాకా ఆముదాలు పండిన నేలలో రాత్రికి రాత్రి వెంచర్ల హద్దురాళ్ళు మొలిచిన కాలమది. మంచాల అనే ఊరి దగ్గర మా మెట్ట చెలక కూడా అందులోనే పోయింది. డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివి, పద్యానికి అర్థం చెప్పుకుని బతకవచ్చని అనుకున్న నేను, ఇబ్రహీంపట్నంలో కాపురం పెట్టి కంపెనీ బస్సుకు డ్రైవరునయ్యాను. అందుకు నాకేమీ చిన్నతనం లేదు. సందు చివర ఆ పెద్ద తెల్ల బస్సును ఒక్క తిప్పుతో మలిపినప్పుడు కలిగే ఆనందం ఏ పద్యంలోనూ దొరకలేదని చెబితే మా తెలుగు మాస్టారు నొచ్చుకుంటారేమో గానీ, నిజం అదే.

చెలక పోయింది గానీ, చెలకలో నాగలి పట్టినవాడి తిండి మాత్రం నన్ను వదిలి పోలేదు. పైగా ఆ రోజుల్లో ఎక్కడ చూసినా దావతులే, ప్లాటు కొన్నా దావత్, బండి కొన్నా దావత్. చూస్తుండగానే నా పొట్ట వెళ్ళి స్టీరింగుకు తగిలింది. అదీ సర్దుకునేవాణ్ణేమో గానీ, రాత్రంతా గురక పెట్టి సరిగా నిద్ర లేక, పగలు బొంగ్లూరు గేటు దగ్గర ఆగి ఉన్నప్పుడు కళ్ళు వాలిపోయేవి. ఒకసారి వెనక బస్సు హారన్ కొడితే గానీ మెలకువ రాలేదు. ఆ మాట మా బస్సులు చూసే సూపర్‌వైజర్ చెవిన పడింది. నాకంటే చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు, నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"అన్నా, బండి నిండ మంది కన్న పిల్లలుంటరు. నీ కన్ను మూతబడితె వాళ్ళందరిదీ మూతబడ్డట్టే. ఒళ్ళు తగ్గించుకో, లేకుంటే సీటు దిగు."

దిగమంటే నేను ఎక్కడికి దిగాలి, వెనక చెలక కూడా లేదాయె. నడిచాను, మాడాను, ఏమీ కాలేదు. చివరికి సిటీలో ఒక పెద్ద దవాఖానలో కడుపు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నాను. కుండంత కడుపును కోసి బీరకాయంత మిగిల్చారు. నెలలు తిరిగేసరికి ఒళ్ళు తగ్గింది, గురక పోయింది, స్టీరింగుకూ నాకూ మధ్య మళ్ళీ చెయ్యి దూరేంత సందు వచ్చింది. సూపర్‌వైజర్ నన్ను తాళాలతో సహా నా సీట్లో కూర్చోబెట్టాడు.

అంతా బాగుంది, ఆకలి ఒక్కటే పోలేదు. ఇది ఎలా చెప్పాలో నాకప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు. చిన్న గిన్నెడు తింటే చాలు, ఇంకో ముద్ద దిగేది కాదు, బలవంతంగా మింగితే ఛాతీలో రాయిలా ఆగేది. అంత నిండిన కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంటే లోపల ఆకలి. ఖాళీ కుండ మోగుతుందంటే అర్థముంది, నిండిన కుండ మోగడమేమిటి? ఆ ఆకలి ఎక్కడుందో వెతికేవాణ్ణి, పొట్టలోనా, గొంతులోనా, నాలుక మీదా అని. వేలు పెట్టి చూపడానికి ఒక్క చోటూ దొరికేది కాదు.

డాక్టరు పరీక్షలు చేసి కడుపు చక్కగా ఉందన్నాడు, పులుపు పైకి తన్నితే ఆకలిలా ఉంటుందని మాత్రలు రాశాడు. తిండి సంగతులు చెప్పే మేడం ఒకామె ఉండేది, కోస్తా వైపు నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన అమ్మాయి, చాలా ఓపికగా, "నీళ్ళు తాగి కాసేపు ఆగి చూడండి బాబాయ్ గారూ, పోకపోతే అది కడుపు ఆకలి, పోతే మనసు ఆకలండి" అని చెప్పింది. తాగి ఆగాను. కొన్నాళ్ళు పోయేది, కొన్నాళ్ళు పోయేది కాదు, మరికొన్నాళ్ళు పోయిందో లేదో కూడా తెలిసేది కాదు. మా అమ్మ అయితే ఒక్క ముక్కలో తేల్చేసింది.

"కడుపు కోసిండ్రు గని, ఆకలి కొయ్యలె. సగం పని జేసి పంపిండ్రు."

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఎవరికీ ఒక్క వడ్డనతో సరిపెట్టరు. పళ్ళెంలో పెట్టింది అయిపోవచ్చే వేళకు పెట్టేవాళ్ళు వచ్చి ఇంకింత పెట్టుకొమ్మనాలి, తినేవాళ్ళు వద్దు వద్దంటూనే కనీసం నాలుగు మెతుకులు పెట్టించుకోవాలి. దానినే మారు అంటాం. ఒక్కసారే పెట్టి లేపేది చచ్చినవాళ్ళ దినాల నాడు మాత్రమేనని అమ్మ నమ్మకం. అలిగినవాడైనా, జ్వరం వచ్చినవాడైనా, ఆమె చేతి కింద మారు లేకుండా లేచింది లేదు.

ఆపరేషన్ తర్వాత నా తిండి బాధ్యతంతా నా భార్య మీద పడింది. ఆమె ఆ మేడం చెప్పింది తు.చ. తప్పక, కొలిచినట్టు ఒకటే గిన్నె తెచ్చి ముందు పెట్టి, మిగిలిన వంట నా కంట పడకుండా మూత వేసి, నాకు ఆశ పుట్టకూడదని తాను కూడా అవతలికి వెళ్ళిపోయేది. పాపం, అంతా నా మేలుకే. అమ్మ అది చూడలేక నేను తినే వేళకు అరుగు మీదికి వెళ్ళి కూర్చునేది. గిన్నె ఖాళీ అయ్యాక కూడా నేను వంటింటి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటే, నా భార్యకు కోపం వచ్చేది.

"ఆకలంటవ్, ఇంకో ముద్ద దిగదంటవ్. నీది ఏం కడుపో నాకైతె సమజ్ గాదు."

నాకు మాత్రం సమజయిందా ఏమిటి? కంపెనీ గేటు బయట బస్సు ఆపుకుని కూర్చున్నప్పుడు ఆ ఆకలి మరీ పీకేది. అన్నం దిగని కడుపులోకి చాయ్‌లో ముంచిన బిస్కెట్టు మాత్రం సుతారంగా జారిపోతుందని అక్కడే కనిపెట్టాను. ఇక చూడండి, చాయ్, బిస్కెట్టు, మళ్ళీ చాయ్. తినేకొద్దీ ఆకలి అలాగే ఉండేది, ఒళ్ళు మాత్రం మెల్లగా తిరిగి రావడం మొదలుపెట్టింది. పొట్టకూ స్టీరింగుకూ మధ్య చెయ్యి దూరుతుందో లేదోనని రోజూ పొద్దున్నే దూర్చి చూసుకునేవాణ్ణి. సూపర్‌వైజర్ కూడా నేను బస్సెక్కేటప్పుడు నా మొహం కాక పొట్ట చూడడం మొదలుపెట్టాడు. సీటు పోతుందని నాకు నిజంగా భయం పట్టుకుంది. కోయించుకున్న తర్వాత కూడా ఇదే గతి అయితే, ఇంకేం కోయించుకోవాలి?

అటువంటి రోజుల్లో నా భార్య వాళ్ళ చెల్లెలి పురిటికని పుట్టింటికి వెళ్ళింది. వెళుతూ ఆ గిన్నెను అమ్మ చేతిలో పెట్టి, ఇంతకు మించి ఒక్క మెతుకు పెట్టినా కుట్లు తెగుతాయని బెదిరించి మరీ వెళ్ళింది. అమ్మ ఆ మాటకు భయపడింది, కానీ తన పద్ధతి వదులుకునే మనిషి కాదు. ఆ గిన్నెలో సగం అన్నం, పచ్చిపులుసు నా పళ్ళెంలో పెట్టి, మిగిలిన సగం గిన్నెలోనే ఉంచుకుని, గరిటె చేత పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. నేను తింటుంటే చెలకలో ఏనాటి సంగతో, ఏ ఎద్దు సంగతో చెబుతోంది. పళ్ళెం అయిపోవచ్చింది.

"ఇంకింత పెట్టుకో బిడ్డా."

నేను అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాను. ఆమె నా చెయ్యి తోసేసి ఆ మిగిలిన సగం పెట్టింది. తిని లేచాను, చేయి కడుక్కున్నాను, డ్యూటీకి వెళ్ళాను. సాయంత్రం బస్సు తిప్పుకుని వచ్చేటప్పుడు గానీ చాయ్ బండి దగ్గర నేను ఆగలేదని నాకే గుర్తు రాలేదు.

ఈ సంగతి మేడంకు చెబితే ఆమె నవ్వి, మధ్యలో ఆగి తినడం వల్ల అలా అయి ఉంటుందండి, నెమ్మదిగా తినమని మేము చెప్పేది అందుకేనంది. అయి ఉండవచ్చు. నేను కూడా అదే అనుకుని, బస్సులో అన్నం డబ్బా విప్పినప్పుడు సగం తిని, మూత పెట్టి, ఆగి, మళ్ళీ నాకు నేనే పెట్టుకుని చూశాను. ఆకలి తీరలేదు. నా భార్య తిరిగి వచ్చాక, సంగతి విని, ఎదురుగా కూర్చుని మారు పెట్టడం మొదలుపెడితే చాలా రోజులు తీరింది, ఏదో పనిలో ఉండి మొక్కుబడిగా గిన్నె ఒంపితే తీరలేదు. అమ్మ పెట్టినప్పుడు తీరని రోజూ లేకపోలేదు. ఏమైతేనేం, ఒళ్ళు నిలబడింది, సీటు నిలబడింది, రిటైరయ్యేదాకా నా బస్సులో ఎవరి కన్నూ నా వల్ల మూతపడలేదు. ఆ ఆకలి కడుపుదో, మనసుదో, మరెవరిదో మాత్రం నాకు తేలలేదు.

అమ్మ పోయిన తర్వాత దినాల నాడు, ఆమె పద్ధతి ప్రకారమే, అందరికీ ఒక్కసారే వడ్డించారు. మారు అడగడానికి ఎవరూ రాలేదు, రాకూడదు కూడా. నేను చెయ్యి అడ్డం పెట్టడానికి సిద్ధంగా ఉంచుకుని ఊరికే కూర్చున్నాను. ఎవరో భుజం తట్టి లేపారు. నాకు ఏడుపు వచ్చింది అప్పుడే, అంతకు ముందు రాలేదు.

మొన్న ఆ పెళ్ళిలో తిండికి కొదవేమీ లేదు, ఎన్ని రకాలో, ఎన్ని బల్లలో. కావాలంటే మళ్ళీ వెళ్ళి ఎంతైనా వేసుకోవచ్చు, ఎవరూ కాదనరు. మా ఇంట్లో కూడా ఇప్పుడంతే, నా భార్యకు మోకాళ్ళు వంగవు, ఎవరి పళ్ళెం వాళ్ళం నింపుకుని ఎవరి కుర్చీలో వాళ్ళం తింటాం. కానీ నా అంతట నేను వెళ్ళి వేసుకుంటే అది రెండోసారి తినడం అవుతుంది గానీ మారు కాదు. అమ్మ చూస్తే, ఇంత పెద్ద పందిరి వేసి, ఇన్ని దీపాలు పెట్టి, ఇంత మందిని పిలిచి, ఎవరి దినాలు చేస్తున్నారని అడిగేది. కుర్రవాడొకడు వచ్చి నా ముందున్న ఖాళీ పళ్ళెం తీసుకుపోయాడు. నిండిన కడుపుతో, ఆకలితో లేచి చేయి కడుక్కున్నాను.