సొన చేతులు

వేసవి వచ్చిందంటే మా క్రెష్‌లో మామిడి తోటల్లో పనిచేసి వచ్చి పిల్లల్ని తీసుకెళ్లే తల్లుల చేతుల నుంచి మామిడి సొన వాసన వస్తుంది. కాయ తొడిమ తుంచగానే చిమ్మే ఆ జిగురు లేత చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి సబ్బుతో కడుక్కోనిదే ఎవరినీ బిడ్డను ముట్టుకోనివ్వను. ఆ వాసన తగిలితే చాలు, నాకు నాగరత్నమ్మ గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. ఎదురుపడితే ‘అమ్మగారూ’ అంటాను గానీ, నాలో నేను చెప్పుకునేటప్పుడు ఆ మర్యాదెందుకు?

ఆగిరిపల్లి దగ్గర వాళ్ల తోటలో మా అమ్మ కాయలు ఏరి ట్రేలకెత్తేది. నాకప్పుడు ఏడేళ్లు. ఎండుగడ్డి వాసన, ఉప్పూకారం అద్దుకున్న పచ్చికాయ ముక్కలు, చద్దన్నంలో ఆవకాయ, రాలిన పిందెలతో ఆడిన అచ్చనగాయలు, అన్నీ తీపి గుర్తులుగా మిగలాల్సినవే. మిగలనిచ్చిందా ఆవిడ! నా పని రసాల చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాల్లో నాలుగు నెలల చెల్లిని ఊపడం. ఆవిడ అక్కడే కుర్చీ వేసుకుని, నీళ్ల బకెట్ తన పక్కనే పెట్టుకుని కూర్చునేది. చెల్లి గుక్కపట్టి ఏడిస్తే అమ్మ సొన చేతులతో లేచి నిలబడేది.

“ఆ వరస ట్రేలు నిండాక కడుక్కుందువుగాని. ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే అలవాటవుద్ది. ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటది” అనేది ఆవిడ. నేను ఎత్తుకోబోతే “ఏయ్, ముట్టుకున్నావంటే చూడు!” అని గదిమేది. భయపడి ఊపుతూ ఉండిపోయేదాన్ని. అందుకు నా మీద నాకూ కోపమే.

కోతలయ్యేసరికి చెల్లి నిజంగానే ఊరుకుంది. ఆకలేసినా, చీమ కుట్టినా కొమ్మల్లోకి చూస్తూ పడుకునేది. “ఎంత బుద్ధిమంతురాలో చూడండే!” అని ఆవిడ కూలీలందరినీ పిలిచి చూపించింది. మా అమ్మ కూడా మురిసిపోయింది. అదీ నా కడుపుమంట! పోయినేడు నూజివీడు ఆసుపత్రిలో చెల్లికి కాన్పయింది. నొప్పులొస్తున్నాయని అప్పుడూ ఎవరికీ చెప్పకుండా మంచం పట్టీ పట్టుకుని పడుకుంది. నర్సు చూసేసరికి బిడ్డ తల కనబడుతోంది.

దేవుడున్నాడు. ఈ జనవరిలో ఆవిడే మనవణ్ణి చంకనేసుకుని మా క్రెష్‌కి వచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు.

“ఏడిస్తే ఎత్తుకోకమ్మా, అలవాటవుద్ది” అంది.

“అలాగేనండి” అన్నాను.

వాడు ఏడవబోతూ మూతి వంకర పెడితే చాలు, ఎత్తుకున్నాను. కళ్లలోకి చూసి కబుర్లు చెప్పాను, ఆకలో నిద్రో కనుక్కున్నాను. అందరు పిల్లలకూ చేసేదే, వీడికి మాత్రం కసితీరా చేశాను. తోటి టీచర్లకూ, సాయంత్రాలు వచ్చే వాడి తల్లికీ అదే నేర్పాను.

ఆ రసాల చెట్టు ఇప్పుడు లేదు, తోటలో సగం ప్లాట్లయింది. ఉయ్యాల కట్టిన చీర ఏమైందో అమ్మకే తెలియదు. నిన్న ఆవిడ మిగిలిన తోటలోంచి నేరుగా వచ్చి మనవడి కోసం చేతులు చాపింది. వాడు నా మెడ కరుచుకుని గుక్కపట్టాడు.

“ఏం మందు పెట్టావే వీడికి?”

“మందేం లేదండి, ఏడిస్తే ఎత్తుకున్నాను. మీ రసాల చెట్టు కింద ఉయ్యాల గుర్తుందా అమ్మగారూ? అందులో పిల్ల మా చెల్లి.”

ఆవిడ వాడి మీంచి చూపు నా ముఖం మీదికి తిప్పింది. చాపిన చేతులు అలాగే ఉన్నాయి.

“సొన చేతులండీ, కడుక్కుని రండి” అన్నాను వాడి వీపు నిమురుతూ.

కడుక్కుని వచ్చింది. వాసన చూశాను.

“ఇంకోసారి” అన్నాను.